గ్రాట్యుటీ కోసం ఇరవై నెలలు

2022 మే 31 సాయంత్రం స్పాట్ వాల్యుయేషన్ క్యాంపు నుంచి నేరుగా కాలేజీకి వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు రమ్మన్నారని మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఏడాది ఇంటర్ పరీక్షలు మే నెలలో జరిగాయి కాబట్టి పేపర్లు దిద్దే పని కూడా ఎండలు ముదిరాకే వచ్చింది. నా వేళ్లకు ఎర్ర సిరా మరకలు ఇంకా పోలేదు. గదిలో ప్రిన్సిపాల్ పక్కన జోనల్ ఇన్‌ఛార్జి కూర్చుని ఉన్నాడు. నన్ను కూర్చోమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

"మేడమ్, మీ అడ్మిషన్లు ఆరే వచ్చాయి. టార్గెట్ పదిహేను. ఈ సంవత్సరం మిమ్మల్ని రెన్యువల్ చెయ్యట్లేదు" అన్నాడు ఇన్‌ఛార్జి.

ప్రిన్సిపాల్ గారు బల్ల మీదున్న పేపర్‌వెయిట్ వైపే చూస్తూ ఉండిపోయారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకూ ఒక టార్గెట్ ఉంది.

నేను ఆ జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్లు బాటనీ చెప్పాను. అంతకుముందు మూడేళ్లు మిర్యాలగూడలో చెప్పాను. 2013 జూన్‌లో హైదరాబాద్ వచ్చి ఇక్కడ చేరాను. ఉదయం ఏడున్నరకు స్టడీ అవర్‌తో మొదలై సాయంత్రం ఆరున్నరకు స్టడీ అవర్‌తో ముగిసే రోజులు. మధ్యలో ఐదారు పీరియడ్లు, ఆదివారం టెస్టు, సోమవారం నాటికి పేపర్లు దిద్ది మార్కులు ఎక్కించాలి. అదంతా చేశాను, ఇష్టంగానే చేశాను. కిరణజన్య సంయోగక్రియ చెప్పేటప్పుడు చివరి బెంచీ పిల్ల కూడా తలెత్తి చూస్తే కలిగే సంతోషం నాకు ఈ రోజుకీ ఉంది. అంత పని చేసినదాన్ని తీసెయ్యడానికి వాళ్లు చెప్పిన కారణంలో పాఠం మాటే లేదు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అడ్మిషన్ల సంగతి ఈ రంగంలో లేనివాళ్లకు తెలియకపోవచ్చు. సంక్రాంతి సెలవులు అయిపోగానే లెక్చరర్ల చేతికి పదో తరగతి పిల్లల పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న షీట్లు ఇస్తారు. క్లాసులు అయ్యాక ఇల్లిల్లూ తిరగాలి. నాకు హయత్‌నగర్, వనస్థలిపురం వైపు కాలనీలు పడేవి. ఒకసారి ఏప్రిల్ ఎండలో ఒక ఇంటి తలుపు కొడితే ఆ అమ్మాయి తండ్రి లోపలికి పిలిచి చల్లటి నీళ్లిచ్చారు. బ్రోచర్ తిరగేసి, "ఏమనుకోకమ్మా, నువ్వు పాఠం చెప్పే మేడమ్‌వా, ఏజెంటువా?" అని అడిగారు. ఆయన ఎగతాళిగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగారు. పాఠం చెప్పే మేడమ్‌నే అని చెప్పి బయటికొచ్చేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఇంటి అడ్మిషన్ అడగకుండానే వచ్చేశాను.

ఏప్రిల్, మే నెలల జీతం మాకు బ్యాంకులో పడేది కాదు. ఎన్ని అడ్మిషన్లు తెచ్చామో చూసి జూన్‌లో ఒక కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లు. ఒక ఏడాది సగం, ఒక ఏడాది పావు. ఆ రెండు నెలలకు పీఎఫ్ కూడా కట్టేవాళ్లు కాదు. జూన్‌లో మళ్లీ ఒక అప్లికేషన్ ఫారం నింపించుకునేవాళ్లు. "ఫార్మాలిటీ మేడమ్" అనేవాడు క్లర్కు. అందరం నింపేవాళ్లం. ఆ ఫారం ఎందుకు నింపించారో నాకు తొమ్మిదేళ్ల తర్వాత తెలిసింది.

కరోనా ఏడాదిలో సగం జీతమే వచ్చింది. మా వీధిలో ఒక ప్రైవేటు బడి టీచరుకు ప్రభుత్వం ఇచ్చిన రెండు వేలు, పాతిక కిలోల బియ్యం ఆ 2021 ఏప్రిల్‌లో పెద్ద ఆసరా అయ్యాయి. మా పరిస్థితి దానికంటే నయం అనుకుని నేనూ సర్దుకున్నాను. సర్దుకుపోవడం ఈ ఉద్యోగంలో అంత అలవాటైపోయింది.

ఉద్యోగం పోయిన మర్నాడు నాకున్న మొదటి టెన్షన్ డబ్బు గురించి కాదు, ఒరిజినల్స్ గురించి. చేరేటప్పుడే పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, ఎమ్మెస్సీ, బీఈడీ అన్నీ తీసుకుని వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. మధ్యలో మానేసి వేరే కాలేజీకి పోకుండా అదొక తాడు. అవి లేకుండా ఎక్కడా చేర్చుకోరు. జూన్ మొదటి వారం నుంచి నాలుగుసార్లు తిరిగాను. ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) సార్ లేరు, తాళం లేదు, నో డ్యూస్ కాలేదు. లైబ్రరీలో నా పేరు మీద ఒక పుస్తకం ఉందన్నారు. అది నేను కాదు తీసుకుంది. ఐనా 340 రూపాయలు కట్టాను.

ఐదోసారి వెళ్తే ఆఫీసులో ఆకుపచ్చ బీరువా తెరిచి నా కవర్ బయట పెట్టారు. నా చేతిరాతతో నా పేరు రాసిన కవర్, తొమ్మిదేళ్లకు అంచులు మెత్తబడి చిరిగింది. దాని పక్కనే టైపు చేసిన ఒక కాగితం పెట్టి పెన్ను ఇచ్చారు. "వ్యక్తిగత కారణాల వల్ల నేను స్వచ్ఛందంగా ఉద్యోగానికి రాజీనామా చేయుచున్నాను. నాకు రావలసిన మొత్తములన్నియు ముట్టినవి. భవిష్యత్తులో ఎటువంటి క్లెయిము చేయను." తేదీ మే 31 అని ముందే టైపు చేసి ఉంది.

"నేను రాజీనామా చెయ్యలేదు కదండీ, మీరే వద్దన్నారు" అన్నాను.

"సంతకం పెడితే కవర్ తీసుకెళ్లండి మేడమ్" అన్నాడు క్లర్కు. గొంతు తగ్గించి, "నా చేతుల్లో ఏముంది" అని కూడా అన్నాడు.

జూలై ఒకటి నుంచి ఫస్టియర్ క్లాసులు. అప్పటికి ఎక్కడో ఒకచోట చేరకపోతే ఆ ఏడాది ఇక లేనట్టే. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మా ఆయనకు చిన్న మొబైల్ రిపేరు షాపు. సంతకం పెట్టాను. కవర్ గుండెకు హత్తుకుని బస్సెక్కాను. గెలిచానో ఓడానో తెలియలేదు ఆ రోజు.

ఆ ఆదివారం మా చిన్నాయన వచ్చాడు. ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి, యూనియన్‌లో తిరిగి, రిటైరై ఊళ్లో ఉంటున్నాడు. నా ముఖం చూసి అడిగితే మొత్తం చెప్పాను. ఆయన కాలేజీ వాళ్లను తిట్టలేదు. "గ్రాట్యుటీ ఎంత ఇచ్చిన్రు?" అన్నాడు. చేసిన సర్వీసుకు ఉద్యోగం వదిలేటప్పుడు యాజమాన్యం ఇచ్చే సొమ్ము అది.

"మాకు గ్రాట్యుటీ ఏముంటుంది చిన్నాయనా, ప్రైవేటు కదా" అన్నాను.

"ప్రైవేటైతేనేంది? పది మంది పనిజేసే చోట ఐదేండ్లు దాటినంక ఇయ్యాల్సిందే. అది వాళ్లిచ్చే బక్షీస్ గాదు బిడ్డా, నీకున్న బాకీ."

"నేను రాజీనామా మీద సంతకం పెట్టాను కదా."

"రాజీనామా జేసినా వస్తది. గా ముచ్చట చట్టంలనే ఉన్నది."

అన్నీ ముట్టాయని కూడా రాయించుకున్నారని చెప్పాను. దానికీ ఆయన దగ్గర జవాబు ఉంది. 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆ చట్టానికి విరుద్ధంగా ఏ ఒప్పందం రాయించుకున్నా చెల్లదన్నాడు. డబ్బు ముట్టిందని కాగితం మీద ఉంటే సరిపోదు, ముట్టినట్టు రుజువు చూపించాలి. ఆయన ఆ మాట చెప్పిన క్షణం నుంచి నాకు కొంచెం ఊపిరి ఆడింది. సంతకం పెట్టిన రోజు నుంచి నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఆ రోజే అమ్మాయి నోటు పుస్తకంలో లెక్క వేశాం. చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. నెలకు 26 పని దినాలని లెక్క, ఏడాదికి పదిహేను రోజుల జీతం. నా పేస్లిప్ మీద 26,000. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోను బ్యాంకులో 24,000 పడేది. మరో 8,000 ప్రతినెలా చేతికి కవర్లో ఇచ్చేవాళ్లు. పేస్లిప్ లెక్కనే చూసినా ఏడాదికి 15,000. 2013 జూన్ 10 నుంచి 2022 మే 31 దాకా ఎనిమిదేళ్ల పదకొండు నెలల చిల్లర. ఆరు నెలలు దాటిన మిగులును పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి తొమ్మిదేళ్లు. మొత్తం 1,35,000. ఆ అంకె కింద చిన్నాయన రెండు గీతలు గీశాడు.

జూలై మొదటి వారంలో గ్రాట్యుటీ ఇవ్వమని అడిగే ఫారం-ఐ నింపి యాజమాన్యానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మొదటిసారి కవర్ తీసుకోకుండా తిప్పి పంపారు. ఆ తిరిగొచ్చిన కవర్‌ను చింపకుండా అలాగే దాచమన్నాడు చిన్నాయన. రెండోసారి తీసుకున్నారు. ఉద్యోగి అడిగాక పదిహేను రోజుల్లో ఇస్తామనో, ఫలానా కారణం చేత ఇవ్వమనో రాతపూర్వకంగా చెప్పాలి. ఏదీ రాలేదు. దాంతో ఆగస్టు 22న, యాజమాన్యం ఇవ్వకపోతే అధికారికి పెట్టుకునే ఫారం-ఎన్ తీసుకుని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని టి.అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు వెళ్లాను. గ్రాట్యుటీ వివాదాల్ని అక్కడ అసిస్టెంట్ లేబర్ కమిషనర్ కంట్రోలింగ్ అథారిటీ హోదాలో వినేవారు. ఈ ఫారం-ఎన్‌కు 90 రోజుల గడువు ఉండేది. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించేవారు గాని, ఆ పరిస్థితి తెచ్చుకోకపోవడమే మంచిది. లాయర్‌ను పెట్టుకోలేదు. పెట్టుకునే స్తోమత లేదు.

అప్పటికే వేరే కాలేజీలో చేరాను. జీతం 28,000, అంటే కవర్‌తో కలిపి చూస్తే ఆరు వేలు తక్కువ. ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి. అక్కడ ఎవరికీ కేసు సంగతి చెప్పలేదు. పాత యాజమాన్యం మీద కేసు వేసిన లెక్చరర్ అని తెలిస్తే కొత్తవాళ్లు కూడా పెట్టుకోరని భయం. ఈ ఊళ్లో కాలేజీల వాళ్లందరికీ ఒకరి ఫోన్ నంబర్ ఒకరి దగ్గర ఉంటుంది. వాయిదా ఉన్న రోజు పిల్లాడికి జ్వరమని, అత్తగారికి కంటి పరీక్షని సెలవు పెట్టేదాన్ని. అబద్ధం చెప్పి సెలవు పెట్టిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. నా హక్కు అడగడానికి నేను దొంగలా వెళ్లాల్సి రావడం ఎంత అన్యాయమో చెప్పలేను.

మొదటి వాయిదా అక్టోబరులో. యాజమాన్యం తరఫున వచ్చిన వకీలు కౌంటర్‌కు, అంటే రాతపూర్వక జవాబుకు గడువు అడిగారు. తర్వాతిదానికీ అడిగారు. డిసెంబరులో కౌంటర్ వేశారు. మూడు పాయింట్లు. లెక్చరర్ అసలు గ్రాట్యుటీ చట్టం కింద ఉద్యోగి కాదు. ఒకవేళ అయినా ఈమెది ఏ ఏడాదికి ఆ ఏడాది కొత్త నియామకం, ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఉద్యోగంలో లేదు, కాబట్టి ఐదేళ్ల నిరంతర సర్వీసు లేదు. అదీ కాకపోయినా అన్నీ ముట్టాయని సంతకం చేసి స్వచ్ఛందంగా వెళ్లింది.

రెండో పాయింటు చదివినప్పుడు జూన్‌లో నింపించుకున్న ఆ అప్లికేషన్ ఫారాలు గుర్తొచ్చాయి. తొమ్మిది ఫారాలూ కౌంటర్‌కు జత చేశారు. అన్నిటి మీదా నా సంతకమే.

మొదటి పాయింటు గురించి చిన్నాయన వాళ్ల పాత యూనియన్ మిత్రుల్ని కనుక్కుని చెప్పాడు. ఒకప్పుడు అది నిజమేనట. నైపుణ్యం ఉన్న పని, లేని పని, గుమాస్తా పని అంటూ చట్టంలో ఉన్న నిర్వచనంలో ఉపాధ్యాయులు రారని సుప్రీంకోర్టు 2004లో తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, జీతానికి ఏ పని చేసినా ఉద్యోగే అని నిర్వచనం మార్చింది. దాన్ని 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేసింది. ఎందుకంటే విద్యాసంస్థల్ని ఈ చట్టం కిందికి తెచ్చిన నోటిఫికేషన్ తేదీ అది. ప్రైవేటు బడుల యాజమాన్యాలు ఆ సవరణ మీద కోర్టుకెళ్లాయి. 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదే అని తేల్చింది. నేను ఫారం-ఎన్ ఇచ్చిన సరిగ్గా వారానికి! దేశంలో ఎన్ని వేల మంది టీచర్లు ఆ తీర్పు కోసం ఎదురుచూశారో గాని, ఆ రోజు నాకు దాని గురించి ఏమీ తెలియదు. ఆ తీర్పు కాపీ దాఖలు చేశాక మొదటి పాయింటు మీద వకీలు గారు మళ్లీ పెద్దగా మాట్లాడలేదు.

అసలు చిక్కు రెండోదే. ఏప్రిల్, మే నెలల్లో నేను పనిచేశానని ఎలా చూపించాలి? బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ నెలలు ఖాళీ. పీఎఫ్ పాస్‌బుక్‌లోనూ ఖాళీ. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది నిరంతర సర్వీసు కిందే లెక్క, ఆ విధంగా జూన్ నుంచి మార్చి దాకా చేసినా చాలు అని చిన్నాయన ధైర్యం చెప్పాడు. కాని వాళ్లు అంటున్నది వేరు. ఏటా ఉద్యోగం ముగిసింది, ఏటా కొత్తగా మొదలైంది అంటున్నారు. ఆ మాటను కొట్టాలంటే కాగితం కావాలి.

సాక్ష్యం చెప్తారేమోనని మా ఫిజిక్స్ సార్‌ను అడిగాను. పదకొండేళ్లుగా అక్కడే పనిచేస్తున్నాడు. అడ్మిషన్లకు ఇద్దరం ఒకే కాలనీల్లో తిరిగేవాళ్లం. "మేడమ్, నాకు ఇంటి లోను ఉంది" అన్నాడు. ఆయన గొంతులో ఉన్న ఇబ్బంది విని నేనే సారీ చెప్పి పెట్టేశాను. ఆయన మీద నాకు కోపం రాలేదు.

ఆ సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీది పాత సూట్‌కేసులో ప్లాస్టిక్ కవర్ ఒకటి బయటపడింది. పిల్లల టీకాల కార్డులు, గ్యాస్ కనెక్షన్ కాగితం, వాటి కింద స్పాట్ ఆర్డర్లు. ఏటా ఇంటర్ బోర్డు నుంచి అసిస్టెంట్ ఎగ్జామినర్‌గా రమ్మని వచ్చే ఉత్తర్వు. దానికి పిన్ చేసి, "మా కళాశాలలో బాటనీ లెక్చరర్‌గా పనిచేయుచున్న వీరిని స్పాట్ విధుల నిమిత్తం రిలీవ్ చేయడమైనది" అని ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర ఉన్న లెటర్. క్యాంపులో పేపర్లు దిద్దిన డబ్బు లెక్క తేల్చుకోవడానికి జిరాక్స్ తీసి దాచేదాన్ని. దాచి మర్చిపోయాను.

నేల మీద పరుచుకుని కూర్చున్నాను. 2014ది ఆంధ్రప్రదేశ్ బోర్డు పేరుతో ఉంది, ఆ తర్వాతివి తెలంగాణ బోర్డు పేరుతో. 2017ది ఎంత వెతికినా దొరకలేదు. 2021 వేసవిలో పరీక్షలు రద్దయ్యాయి కాబట్టి అది లేదు. మిగతా ఏడూ ఉన్నాయి. రిలీవ్ చేసిన తేదీలు చూస్తూ పోయాను. ఏప్రిల్ 2. ఏప్రిల్ 5. ఏప్రిల్ 4. లాక్‌డౌన్ వల్ల స్పాట్ ఆలస్యమైన 2020లో మే 11. 2022లో మే 14. నేను ఉద్యోగంలో లేనని వాళ్లు రాసిన నెలల్లోనే, నేను తమ దగ్గర "పనిచేయుచున్న" లెక్చరర్నని వాళ్ల ప్రిన్సిపాలే సంతకం పెట్టిచ్చాడు. సూట్‌కేసు పక్కన కూర్చుని ఏడ్చాను. మా ఆయన కంగారుపడి పరిగెత్తుకొచ్చాడు.

మే నెలకు అడ్మిషన్ల వాట్సాప్ గ్రూప్ కూడా పనికొచ్చింది. "మే 19 టార్గెట్ రివ్యూ, అందరూ ఉదయం ఎనిమిదికి హాజరు కావాలి, రానివారికి లాస్ ఆఫ్ పే" లాంటి మెసేజ్‌లు నాలుగేళ్లవి ఫోన్‌లో ఉన్నాయి. ఉద్యోగంలో లేనివాళ్లకు లాస్ ఆఫ్ పే ఎలా వేస్తారు? వాటిని ప్రింట్ తీయించి అఫిడవిట్‌తో పాటు ఇచ్చాను.

2023 జూన్‌లో నన్ను క్రాస్ ఎగ్జామిన్ చేశారు. అంతకుముందు నాలుగు వాయిదాలు ఏదో ఒక కారణంతో పోయాయి. ఒకరోజు వకీలు గారికి హైకోర్టులో పని, ఒకరోజు కాలేజీ తరఫు మనిషి రాలేదు. ఆ రోజు మాత్రం అందరూ వచ్చారు. వకీలు గారు ఆ జూన్ ఫారాలు ఒక్కొక్కటే చూపిస్తూ, "ఇది మీ సంతకమేనా?" అని అడిగారు. తొమ్మిదిసార్లు అవునన్నాను. "అంటే ఏటా కొత్తగా ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నారు, అవునా?"

"ఫార్మాలిటీ అని నింపించుకున్నారు సార్. నేను ఆ కాలేజీలో పనిచేస్తూనే నింపాను."

"ఏప్రిల్, మే నెలల్లో మీరు పనిచేసినట్టు జీతం రుజువు ఉందా?"

"జీతం కవర్లో ఇచ్చారు. పనిచేసినట్టు వాళ్ల ప్రిన్సిపాల్ గారి సంతకం ఉంది."

అధికారి స్పాట్ ఆర్డర్ల కట్ట దగ్గరకు తీసుకుని, కళ్లజోడు సర్దుకుని ఒక్కో తేదీ పైకి చదివారు. చదివి, కాలేజీ తరఫున వచ్చిన ఏవో వైపు తిరిగి, "ఈ ముద్ర మీదేనా?" అని అడిగారు. ఆయన వకీలు వైపు చూశాడు. వకీలు గారు ఫైలు వైపు చూశారు. "మాదే సార్" అన్నాడు ఏవో. ఆ రెండు మాటలు వినడానికి నేను అప్పటికి సంవత్సరం పైగా తిరిగాను. నా చేతులు వణుకుతున్నాయని అప్పుడు గమనించి చీర కొంగులో దాచుకున్నాను.

ఆర్డర్ డిసెంబరులో వచ్చింది. నేను ఉద్యోగినే, సర్వీసు నిరంతరమే, అన్నీ ముట్టాయన్న కాగితం చెల్లదు. తొమ్మిదేళ్లకు 1,35,000, దానికి తోడు చెల్లించాల్సిన గడువు అయిన 2022 జూన్ 30 నుంచి ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ. చట్టం ప్రకారం ఉద్యోగం పోయిన 30 రోజుల్లో గ్రాట్యుటీ ఇవ్వాలి, ఆ తర్వాత ప్రతి రోజుకీ వడ్డీ.

కవర్లో ఇచ్చిన 8,000 మాత్రం లెక్కలోకి రాలేదు. నా డైరీలో నెల నెలా రాసుకున్నది తప్ప రుజువు లేదు, వాళ్లు ఇవ్వలేదన్నారు. అది కూడా కలిపి ఉంటే మరో 41 వేల పైచిలుకు వచ్చేది. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇలా కవర్లు తీసుకుంటూ ఉంటే, ఆ రోజు సౌకర్యంగా అనిపించిన ఆ డబ్బు మీ పీఎఫ్‌లో లేదు, గ్రాట్యుటీలో లేదు, రేపు బ్యాంకు లోనుకు వెళ్తే అక్కడా లేదు. తీసుకోవద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, ఎందుకంటే నేనూ తీసుకున్నాను, వద్దంటే ఉద్యోగమే ఉండదు. కనీసం ఇచ్చిన రోజు ఆ డబ్బును అదే మొత్తంగా బ్యాంకులో వేసుకోండి. నెల నెలా అదే తేదీకి అదే మొత్తం పడుతూ ఉంటే ఎంతో కొంత ఆధారం ఉంటుంది. ఈ ఆలోచన నాకు ఆర్డర్ చదివాక వచ్చింది.

వాళ్లు అప్పీలుకు వెళ్తారని భయపడ్డాను. 60 రోజుల్లో వెళ్లొచ్చు. కాని యాజమాన్యం అప్పీలు చెయ్యాలంటే ముందు మొత్తం గ్రాట్యుటీ సొమ్ము డిపాజిట్ చెయ్యాలి. ఎలాగూ కట్టాల్సి వచ్చేటప్పుడు ఇంకా ఎందుకనుకున్నారేమో, వెళ్లలేదు. అప్పటికీ ఇవ్వకపోతే కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించే దారి కూడా ఉందని చిన్నాయన చెప్పాడు గాని అంతదాకా పోలేదు. 2024 జనవరి 31న డీడీ ఇచ్చారు. అసలు 1,35,000, పందొమ్మిది నెలల వడ్డీ 21,375. కలిపి 1,56,375.

నా కేసు పాత చట్టం కింద నడిచింది. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి, గ్రాట్యుటీ ఇప్పుడు దాని కింద ఉంది. ఏడాది కాంట్రాక్టు అంటూ నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఐదేళ్ల షరతు లేకుండా ఏడాదికే హక్కు వస్తుందని అందులో ఉంది. ఏటా జూన్‌లో కొత్త ఫారం నింపించుకునే చోట పనిచేస్తున్న వాళ్లు ఆ ఒక్క విషయం గురించి తప్పకుండా కనుక్కోవాలి.

డీడీ తీసుకున్న రోజు సాయంత్రం చిన్నాయనకు ఫోన్ చేశాను. ఎంత వచ్చిందని అడగలేదు. "ఏవో సారు ముంగట సంతకం పెట్టినవా, లేబర్ ఆఫీసర్ ముంగటనా?" అని అడిగాడు. అధికారి ముందే అని చెప్తే, "మంచిగైంది" అన్నాడు. పెద్దమ్మాయి డిప్లొమా ఫీజు ఆ డబ్బుతోనే కట్టాను. వడ్డీ డబ్బులో కొంత పెట్టి ఆయనకు ఒక జత పంచెలు, పిన్నికి చీర తీసుకెళ్లాను.

ఆ తర్వాతి ఏప్రిల్‌లో ఒక రాత్రి పదిన్నరకు ఫిజిక్స్ సార్ ఫోన్ చేశాడు. ఆయన్నీ తీసేశారట. అడ్మిషన్లు తొమ్మిది తెచ్చినా సరిపోలేదట. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మేడమ్, అప్పుడు నేను రాలేకపోయాను" అన్నాడు.

"అది వదిలెయ్యండి సార్. మీ స్పాట్ ఆర్డర్లు ఉన్నాయా?"

"ఉండాలి. ఎక్కడో."

"ఈ రాత్రే వెతకండి. రిలీవింగ్ లెటర్ పిన్ చేసి ఉంటుంది చూడండి, దాన్ని విడదీయొద్దు. నా దగ్గర ఫారం-ఐ కాపీ ఉంది, పొద్దున్నే తీసుకెళ్దురు గాని."

అటువైపు మంచం కింద నుంచి పెట్టె లాగుతున్న చప్పుడు వినిపించింది.